ఏఐ ఏజెంట్ వాడే టూల్‌కి వివరణ ఎలా రాయాలి?

"రేపు హైదరాబాద్ నుంచి బెజవాడకి రైళ్లేమున్నాయి?" అని మేం తయారుచేసిన ఏజెంట్‌ని, అంటే మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ప్రోగ్రామ్‌ని అడిగాను. నాంపల్లి నుంచి బయల్దేరేవి మాత్రమే చూపించింది. సికింద్రాబాద్, కాచిగూడ రైళ్లు ఒక్కటీ రాలేదు. కోడ్ అంతా వెతికాం, తప్పు దొరకలేదు. తీరా చూస్తే టూల్ (రైళ్లు వెతకడం లాంటి ఒక్కో పనికి ఏజెంట్ పిలిచే కోడ్) వివరణ దగ్గర మేం రాసింది రెండే మాటలు: "రైళ్లు వెతుకుతుంది."

ఏజెంట్‌ని నడిపే ఏఐ మోడల్‌కి మన కోడ్ కనబడదు. టూల్ పేరు, దాని వివరణ, ఏయే పారామీటర్లు (తేదీ, స్టేషన్ లాంటి వివరాలు) ఇవ్వాలో చెప్పే జాబితా మాత్రమే దానికి అందుతాయి. 2023 జూన్‌లో మోడల్ టూల్స్‌ని పిలవడానికి ఓపెన్‌ఏఐ తెచ్చిన ఫంక్షన్ కాలింగ్‌లోనైనా, 2024 నవంబర్‌లో టూల్స్‌ని మోడల్స్‌తో కలపడానికి ఆంత్రోపిక్ విడుదల చేసిన ఎంసీపీ ప్రమాణంలోనైనా పద్ధతి ఇదే. టూల్‌ని ఎప్పుడు పిలవాలో, ఏం ఇచ్చి పిలవాలో మోడల్ వీటిని చదివే తేల్చుకుంటుంది.

1. పేరు చూడగానే పని తెలియాలి. "గెట్ డేటా" అంటే ఏమీ తెలియదు. "సెర్చ్ ట్రైన్స్", "చెక్ పీఎన్ఆర్" అని పెట్టండి.

2. ఏం చేస్తుందో, ఏం చేయదో రెండూ రాయండి. మా వివరణని ఇలా మార్చాం:

"రెండు స్టేషన్ల మధ్య, ఇచ్చిన తేదీన నడిచే రైళ్లనూ వాటిలో ఉన్న సీట్లనూ చూపిస్తుంది. ప్రయాణికుడు ఇంకా టికెట్ తీసుకోనప్పుడు వాడాలి. తీసుకున్న టికెట్ కన్ఫర్మ్ అయిందా అని అడిగితే చెక్ పీఎన్ఆర్ వాడాలి. ఇది టికెట్ బుక్ చేయదు. ఊరి పేరు కాదు, స్టేషన్ కోడ్ ఇవ్వాలి. ఊళ్లో ఒకటి కంటే ఎక్కువ స్టేషన్లుంటే ఒక్కోదానికీ విడిగా పిలవాలి."

చివరి వాక్యంతో సికింద్రాబాద్ రైళ్లు వచ్చేశాయి. కోడ్‌లో ఒక్క లైను కూడా మార్చలేదు. ఒకేలా కనిపించే టూల్స్ రెండుంటే, ఎప్పుడు దీన్ని కాకుండా రెండోదాన్ని వాడాలో చెప్పే వాక్యం తప్పకుండా ఉండాలి. నన్నడిగితే వివరణ మొత్తంలో ఎక్కువ మేలు చేసే వాక్యం అదే. "అత్యాధునిక", "శక్తిమంతమైన" లాంటి మాటలు మాత్రం తీసేయండి. వివరణ ప్రతి రిక్వెస్ట్‌తోపాటు మోడల్‌కి వెళ్తుంది, ప్రతిసారీ టోకెన్లు (మోడల్ వాడకాన్ని లెక్కగట్టే పదాల ముక్కలు) ఖర్చవుతాయి.

3. ప్రతి పారామీటర్‌కీ ఒక ఉదాహరణ ఇవ్వండి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి ఓపిగ్గా రాయండి. 05-06 అంటే మనకి జూన్ 5, అమెరికాలో మే 6. అందుకే "ఏడాది-నెల-రోజు, ఉదాహరణకు 2025-06-05, భారత కాలమానం" అని రాయాలి. "రేపు" అంటే ఏ తేదీయో లెక్కకట్టాలంటే ఇవాళ్టి తేదీ తెలియాలి కదా, అది కూడా మోడల్‌కి విడిగా అందించాలి. స్టేషన్‌కి "సికింద్రాబాద్ అయితే ఎస్‌సీ, విజయవాడ అయితే బీజెడ్‌ఏ" అని చూపిస్తే చాలు.

రైలు నంబర్ల దగ్గర ఇంకో చిక్కుంది. వాటికి 5 అంకెలుంటాయి, స్పెషల్ రైళ్లవి సున్నాతో మొదలవుతాయి. పారామీటర్ రకం "సంఖ్య" అని పెడితే ముందున్న సున్నా ఎగిరిపోయి 4 అంకెలే మిగులుతాయి. ఆ నంబరుతో ఎంత వెతికినా రైలు దొరకదు. రకం "టెక్స్ట్" అని పెట్టి, "సరిగ్గా 5 అంకెలు, ముందున్న సున్నాతో సహా" అని రాయండి. స్లీపర్, థర్డ్ ఏసీ లాంటి క్లాసులైతే ఉన్నవన్నీ జాబితాగా ఇచ్చేయండి, అందులోంచే ఎంచుకుంటుంది.

4. తిరిగి ఏమొస్తుందో చెప్పండి. ఖాళీ జాబితా వస్తే ఆ రోజు రైళ్లు లేవనా, సర్వర్ పలకలేదనా? రాయకపోతే మోడల్ ఏదో ఒకటి ఊహించుకుని ప్రయాణికుడికి చెప్పేస్తుంది. ఎర్రర్ సందేశం కూడా వివరణలో భాగమే అనుకోండి. "ఎర్రర్ 400" అని వదిలేయకుండా "ఈ స్టేషన్ కోడ్ లేదు, ఊరి పేరు ఇచ్చారేమో చూడండి" అని రాస్తే ఏజెంట్ తనే సరిదిద్దుకుని మళ్లీ పిలుస్తుంది.

5. డబ్బుతో ముడిపడిన పనులకి హెచ్చరిక పెట్టండి. టికెట్ రద్దుచేసే టూల్‌లో "రద్దయ్యాక ఆ టికెట్ మళ్లీ రాదు, ప్రయాణికుడు ఔనన్నాకే పిలవాలి" అని ఉండాలి. అంతమాత్రాన టెన్షన్ తీరిపోదు, మోడల్ ఎప్పుడైనా పొరబడొచ్చు. రద్దుకి ముందు ప్రయాణికుడి అనుమతి అడిగే ఏర్పాటు కోడ్‌లోనూ ఉండి తీరాలి.

6. జనం అడిగినట్టే అడిగి చూడండి. "నాంపల్లి నుంచి", "సంక్రాంతికి ముందు రోజు", "నా టికెట్ కన్ఫర్మ్ అయిందా" లాంటి ప్రశ్నలు ఓ ఇరవై రాసుకోండి. ఏ టూల్‌ని పిలిచిందో, ఏమిచ్చి పిలిచిందో లాగ్‌లో (ఏజెంట్ చేసిన పనుల రికార్డులో) చదవండి. ఒకసారికి ఒక్క వాక్యమే మార్చి, మళ్లీ ఇరవై ప్రశ్నలూ అడగండి. లేకపోతే ఏ మార్పు పనిచేసిందో తెలియదు.

నియమాలు మారినప్పుడు వివరణ కూడా తెరిచి చూడండి. 2024 నవంబర్ 1 నుంచి రైల్వే అడ్వాన్స్ రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది. కోడ్‌లో 60 అని మార్చి వివరణలో 120 అలాగే వదిలేస్తే, ఏజెంట్ మూడు నెలల తర్వాతి ప్రయాణానికి కూడా సీట్లు చూస్తానని ప్రయాణికుడికి చెబుతుంది.