సరిహద్దు డాక్ – 3వ పాఠం: డబ్బా సర్దడం

ముందు పోయిన పాఠం ఇంటిపని చూద్దాం. సరిహద్దులో ఉన్న మీ జవాను చిరునామా రాసి, ఇంట్లో ఇంకొకరి చేత పైకి చదివించమన్నాను. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, కంపెనీ, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) లేదా 99 ఏపీఓ, చివర 9తో మొదలయ్యే పిన్‌కోడ్. ఈ ఏడూ వరసగా వినిపించాయా? మధ్యలో లేహ్ అనో తవాంగ్ అనో ఊరి పేరు వినిపిస్తే ఆ కాగితం చింపేసి మళ్లీ రాయండి. ఊరి పేరు బయటపడకుండా ఉత్తరం చేరడానికే ఈ ఏర్పాటంతా. 56 అని ఉన్నది ఢిల్లీలోని ఆర్మీ బేస్ పోస్టాఫీసుకు పోతుంది, 99 అని ఉన్నది కలకత్తాలో ఉన్నదానికి. యూనిట్ ఆ వారం ఎక్కడుందో అక్కడివాళ్లు చూసుకుంటారు.

పేరు దగ్గర ఒక మాట. ఇంట్లో పిలిచేది కాదు, సర్వీసు రికార్డులో ఉన్నది రాయాలి. మా ఆయన చేరిన కొత్తలో మా అత్తగారు నాలుగు ఉత్తరాలు ‘బుజ్జిబాబు’ పేరుతో రాయించారు. నంబరు సరిగ్గా ఉంది కాబట్టి చేరాయి. కానీ ఆ పోస్టింగ్ అయ్యేదాకా హవల్దారు దగ్గర్నుంచి లంగర్లో వంట చేసేవాళ్ల దాకా ఆయన్ని బుజ్జిబాబూ అనే పిలిచారు.

ఇక ఇవాళ్టి పాఠం, ఇంటి నుంచి జవానుకు పోస్టులో పంపే తిండి డబ్బా.

ఉత్తరాన్ని జవాను ఏ మూలో కూర్చుని ఒక్కడే చదువుకుంటాడు. డబ్బా అలా కాదు, అది బ్యారక్ మధ్యలో తెరుచుకుంటుంది. ఇన్‌ఫాంట్రీలో సెక్షన్ అంటే 10 మంది. ఇంటి నుంచి డబ్బా వచ్చిందంటే ఆ పదిమందీ మంచం చుట్టూ చేరతారు. నాకిది అర్థమయ్యేసరికి రెండేళ్లు పట్టింది. అప్పటిదాకా మా ఆయన ఒక్కడికి సరిపడేలా సర్దేదాన్ని. ఫోన్లో అడిగితే “బాగున్నాయి, నాకొకటి దొరికింది” అనేవాడు. అప్పట్నుంచి ఏది పెట్టినా లెక్కపెట్టి పెడుతున్నాను. అరిసెలు 20, వేరుశెనగ ఉండలు 30. ఒకే పెద్ద ముద్ద, ఒకే సీసా, కోసుకుని పంచుకోవాల్సినవి వద్దు. గుప్పెటతో తీసి చేతిలో పెట్టగలిగేవి ఉండాలి.

ఏం పెట్టాలో తేల్చుకోవడానికి ముందు దారి ఎలాంటిదో తెలుసుకోవాలి. మన పోస్టాఫీసు నుంచి బేస్‌కి, అక్కడి నుంచి ఫీల్డ్ పోస్టాఫీసుకి, అక్కడి నుంచి యూనిట్‌కి. రైలు, లారీ, ఒక్కోసారి విమానం, హెలికాప్టర్. మంచు పడితే కనుమ దారులు మూసుకుపోతాయి, సంచులు అక్కడే ఆగుతాయి. అందుకని నెల రోజులు నిలవ ఉండేదే పెట్టండి. సంక్రాంతి పిండివంటలు సంక్రాంతికి అందాలంటే డిసెంబరు మొదట్లోనే పొయ్యి వెలిగించాలి. ఇంట్లో నవ్వుతారు, నవ్వనీయండి.

పూతరేకులు పంపకండి. నేను పంపాను. “అందరం చెంచాలతో తిన్నాం” అన్నాడు. కాజాలు పాకం కారుస్తాయి. జంతికలు పొడవుగా ఒత్తితే విరుగుతాయి, వాటి బదులు చేగోడీలు చిన్నగా, గట్టిగా చేయండి. సున్నుండల్లో నెయ్యి ఎక్కువైతే అక్కడి చలికి గడ్డకట్టి రాళ్లవుతాయి, మామూలుగా పోసేదాంట్లో కాస్త తగ్గించండి. అరిసెల్లో నూనె బాగా ఒత్తి, ఒక్కోదాన్ని బటర్ పేపర్లో చుట్టండి. ఏదైనా సరే, పూర్తిగా చల్లారాకే కవర్లో పెట్టాలి. వెచ్చగా ఉండగా మూస్తే లోపల ఆవిరి పట్టి వారానికే బూజు వస్తుంది. చాలామంది డబ్బాలు పాడయ్యేది దారిలో కాదు, వంటింట్లో ఆ అరగంట ఓపిక లేకే.

నన్నడిగితే డబ్బాలో అన్నిటికన్నా విలువైనది పొడులు. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకని కుక్కర్ లేకపోతే అన్నం, పప్పు సరిగ్గా ఉడకవు. పైగా మన నోటికి అలవాటైన రుచి ఉండదు. అలాంటి అన్నంలో ఒక చెంచా కందిపొడి కలుపుకుంటే ఆ పూట గడిచిపోతుంది. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి అరకిలో చొప్పున వేర్వేరు కవర్లలో పెట్టండి. కవరు మీద పేరు తెలుగులోనూ హిందీలోనూ రాయండి, పక్కన ‘బహుత్ తీఖా’ (చాలా కారం) అని చేర్చండి. గఢ్వాలీ కుర్రాడొకడు గుంటూరు కారంతో చేసిన పొడిని శనగపిండి అనుకుని నోట్లో పోసుకున్నాడట. ఆ కథ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

ఆవకాయ సంగతి అడుగుతారని తెలుసు. మొదటి డబ్బాలో వద్దు. ఒక్క చుక్క నూనె బయటికొస్తే మీ డబ్బాతో పాటు సంచిలో ఉన్న పక్కవాళ్ల ఉత్తరాలూ తడుస్తాయి. లీవుకు వచ్చి వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపండి. ఇంటింటా సైనికులుండే మిలటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఎప్పుడూ ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు. మీ ఊళ్లో ఎవరూ లేకపోతే మాగిన ముక్కల్ని నూనె వంచేసి, వెడల్పు మూత ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, దాన్ని రెండు కవర్లలో దించండి. గాజు సీసా మాత్రం ముట్టుకోకండి.

కవర్లలో గాలి నొక్కి తీసేయడం మర్చిపోకండి. పైకి వెళ్లే కొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, లేహ్‌లో అది ఇక్కడున్నదాంట్లో సుమారు మూడింట రెండు వంతులే. కవర్లో మిగిలిన గాలి ఉబ్బుతుంది, అతుకు బలహీనంగా ఉంటే విడిపోతుంది. కొండెక్కిన చిప్స్ ప్యాకెట్ బుడగలా అవ్వడం చూసే ఉంటారు. కొబ్బరినూనె 24 డిగ్రీల లోపే పేరుకుంటుంది కాబట్టి అక్కడ అది ఏడాదిలో చాలా కాలం గడ్డే. బదులుగా వాసెలిన్ పెట్టండి, పెదాలకూ మడమలకూ పనికొస్తుంది. జాకెట్లు, బూట్లు కొనకండి. చలికి కావలసినవి ఆర్మీయే ఇస్తుంది.

సెంటు, స్ప్రే, లైటరు, అగ్గిపెట్టె, పవర్ బ్యాంకు పెట్టకండి. మంటకు సంబంధించినదేదీ పోస్టులో పోకూడదు. మందులూ వద్దు. యూనిట్లో డాక్టరుంటాడు.

సర్దేటప్పుడు బరువైనవి అడుగున, పొడులు మధ్యలో, విరిగేవి పైన. ఖాళీలు పాత తెలుగు పేపర్లతో నింపండి, తిండికి మాత్రం పేపరు తగలనివ్వకండి. థర్మోకోల్ ముక్కలు వాడకండి, ఎందుకంటే ఆ పేపర్ల ఉండల్ని విప్పి, చేత్తో సాపు చేసి, రెండు నెలల కిందటి జిల్లా వార్తలు కూడా చదువుతారు. నేను ఇప్పుడు కావాలనే సినిమా పేజీలు, ఆదివారం పుస్తకాలు దాచి ఉంచుతున్నాను. అట్టపెట్టె మీద మార్కిన్ గుడ్డ చుట్టి కుట్టే పద్ధతి పాతదే అయినా మంచిది. చిరునామా చెరగని మార్కర్‌తో, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయండి. అదే చిరునామా ఒక కాగితం మీద రాసి లోపల కూడా వేయండి. పైది చిరిగినా లోపలిది దారి చూపిస్తుంది.

కౌంటర్లో లోపల ఏముందని అడుగుతారు. అందుకని చివరి అంచు కుట్టకుండా సూది, దారం వెంట తీసుకెళ్లండి. ప్రైవేటు కొరియర్ వాళ్లు ఏపీఓ చిరునామాకు చేర్చలేరు, వాళ్ల దగ్గర డబ్బు, టైము పోగొట్టుకోకండి. రసీదు నంబరు రాసి పెట్టుకోండి.

ఇక ఉత్తరం. డబ్బాలో పెట్టకండి, విడిగా పోస్టు చేయండి. పదిమంది చేతులు కదులుతున్న చోట కవరు విప్పి “నాన్నకు మళ్లీ ఒంట్లో బాగోలేదు” అన్న వాక్యం ఎలా చదవాలి? డబ్బాలో వస్తువుల జాబితా, పిల్లలు గీసిన బొమ్మ చాలు. బొమ్మ అందరూ చూస్తారు, గోడకు అంటిస్తారు.

ఈ వారం ఇంటిపని. ఏదైనా నిలవ ఉండే పిండివంట పది ముక్కలు చేసి ఈ పద్ధతిలో సర్దండి. డబ్బా మూసి మూడుసార్లు గట్టిగా ఊపండి, లోపల చప్పుడైతే ఇంకా పేపరు పట్టాలి. తర్వాత నడుము ఎత్తు నుంచి నేల మీద ఒకసారి పడేయండి. పది రోజులు అటక మీద ఉంచి విప్పండి. ఎన్ని ముక్కలు నిలిచాయో, ఎన్నిటికి వాసన వచ్చిందో రాసి ఉంచండి. ఆ లెక్క చూసుకునే వచ్చే పాఠంలో అసలు డబ్బా కడదాం.