పక్ వైపు చూడకుండా ఆడటం ఎలా

ఐస్ హాకీ మొదలుపెట్టేనాటికి నాకు నలభై ఒకటేళ్లు. మాది అట్టడుగు డివిజన్ జట్టు. గెలిచినా ఓడినా అడిగేవాళ్లు లేరు. మొదటి ఏడాదంతా మంచు మీద నేను చూసింది ఒక్కటే, నా స్టిక్కు చివర ఉన్న నల్లటి పక్, అంటే ఈ ఆటలో బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ల. ఒక రాత్రి అలాగే తల వంచుకుని దూసుకుపోయి మా జట్టువాడినే గుద్దాను. నా గడ్డానికి నాలుగు కుట్లు పడ్డాయి. అతను కోప్పడలేదు. "పక్ ఎక్కడికీ పారిపోదు, కాస్త మమ్మల్ని కూడా చూడు" అన్నాడంతే.

కుట్లు మానేలోపు పాతకాలపు అమెరికన్ హాకీ ఆటగాడు హోబీ బేకర్ గురించి చదివాను. 1892లో ఫిలడెల్ఫియా శివార్లలో, పేరున్న కుటుంబంలో పుట్టాడు. పదకొండేళ్లకే అతన్ని న్యూ హాంప్‌షైర్‌లోని సెయింట్ పాల్స్ స్కూల్లో చేర్చారు. అక్కడ చీకటి పడ్డాక గడ్డకట్టిన చెరువు మీద పక్ నడుపుతూ సాధన చేసేవాడట. కళ్లకు కనిపించనిది చేతులకు తెలియాలని. తర్వాత ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో హాకీకీ, అమెరికన్ ఫుట్‌బాల్‌కీ కెప్టెన్ అయ్యాడు. చదువయ్యాక న్యూయార్క్‌లో పగలు బ్యాంకు ఉద్యోగం, సాయంత్రాలు సెయింట్ నికొలస్ క్లబ్ తరఫున హాకీ. డబ్బిస్తాం, ఆడమన్నా ఒప్పుకోలేదు, చివరిదాకా అమెచ్యూరే. అప్పట్లో జట్టుకు ఏడుగురు, పైగా ముందుకు పాస్ ఇవ్వడానికి వీల్లేదు. పక్ దొరికినవాడు దాన్ని తనే ప్రత్యర్థుల మధ్య నుంచి తీసుకెళ్లాలి. తల దించుకుంటే ఆ పని అయ్యేది కాదు. అంత పెద్దింటి పిల్లవాడు చలిలో, చీకట్లో చేసిన పనిని నేను మా హాల్లో దీపం కింద చేయలేనా అనిపించింది.

ముందు స్టిక్కు సంగతి. స్కేట్లు వేసుకుని నిలబడితే అది సుమారుగా గడ్డం దాకా రావాలి. నాది ముక్కు దాకా ఉండేది; పై చెయ్యి ఎప్పుడూ నడుముకు తగులుకుని ఇరుక్కుపోయేది. రంపంతో పైనుంచి ఐదు సెంటీమీటర్లు కోసేశాక ఆ చెయ్యి పొట్టకు ముందు ఖాళీగా ఆడసాగింది. సగం రోగం అక్కడే కుదిరింది.

ఇక పట్టు. పని చేయాల్సింది పై చెయ్యి. స్టిక్కును గట్టిగా పట్టుకుని మణికట్టును అటూ ఇటూ తిప్పేది అదే. కింది చెయ్యి వదులుగా, స్టిక్కు అందులో జారేటట్టు ఉండాలి. కొత్తవాళ్లు కింది చేత్తో పక్‌ను చీపురుతో చెత్త ఊడ్చినట్టు తోస్తారు. అలా కాదు, పక్ బ్లేడు (స్టిక్కు అడుగున ఉండే చదునైన భాగం) దగ్గరికి వచ్చే క్షణంలో మణికట్టు తిప్పి, బ్లేడును దాని మీదికి కొద్దిగా వంచి, దోసిట్లోకి తీసుకున్నట్టు అందుకోవాలి.

దీన్ని ఇంట్లోనే, నున్నటి నేల మీద, గోల్ఫ్ బంతితో మొదలుపెట్టండి. బంతి దాదాపు 46 గ్రాములు, పక్ 156 నుంచి 170. బంతితో చేతులకు వేగం వస్తుంది గానీ బలం రాదు, కాబట్టి వారంలో కొన్ని రోజులు పక్‌తోనూ చేయాలి. మోకాళ్లు వంచి, ఛాతీ ఎత్తి నిలబడండి. గోడ మీద కళ్ల ఎత్తున ఏదైనా అంటించి పైకి చదవండి. నేను క్యాలెండర్ అంటించి తేదీలను ముప్పై ఒకటి నుంచి వెనక్కి చదివేవాణ్ని. అయినా పదిహేడు దగ్గర కళ్లు కిందికి జారేవి. చివరికి ఒక అట్టముక్కను గడ్డం కింద బల్లలా కట్టుకున్నాను. మా ఇంట్లోవాళ్లు నవ్వారు. పరవాలేదు, అది పని చేసింది.

కళ్లు మూసుకుపోతే చెవి తెరుచుకుంటుంది. సరిగా అందుకుంటే శబ్దం మెత్తగా వస్తుంది. మొరటుగా కొడితే ఠప్పున మోగుతుంది. బ్లేడు కొసన తగిలితే స్టిక్కు అరచేతిలో మెలి తిరగబోతుంది, మడమ వైపు, అంటే బ్లేడు కర్రతో కలిసే చోట తగిలితే ఆ మెలిక ఉండదు. ఈ తేడా చూడకుండా చెప్పగలిగే రోజు దాకా మంచు మీద వేగం జోలికి పోకండి. కింది ఇంట్లోవాళ్లు తలుపు తట్టేలోపు నాకు మూడు వారాలు దొరికాయి. తర్వాత చాప పరిచి, దాని మీద నున్నటి ప్లాస్టిక్ పలక వేసుకున్నాను.

మంచు మీద మొదట నిలబడి, తర్వాత నెమ్మదిగా జారుతూ, ఆ తర్వాత మలుపుల్లో. పక్ మన చూపుకు కింది అంచున ఒక నల్ల మరకలా కనిపిస్తే చాలు. పాస్ అందుకునేటప్పుడు ఒక్కసారి కిందికి చూడటం తప్పు కాదు, చూపు అక్కడే ఆగిపోవడమే తప్పు. పక్ చల్లగా ఉండాలి; వెచ్చటి రబ్బరు ఎగిరెగిరి పడుతుంది. మ్యాచ్‌కు ముందు పక్‌లను గడ్డకట్టిస్తారు, అందుకే.

రెండు జాగ్రత్తలు. బేకర్‌ను చూసి చెరువు మీదికి చీకట్లో ఒంటరిగా వెళ్లకండి. పగలైనా గట్టి, పారదర్శకమైన మంచు పది సెంటీమీటర్లకు తగ్గితే దిగవద్దు. గోడ వైపు పడబోతున్నప్పుడు భయంతో తల దించకండి. వంచిన తలతో గుద్దుకుంటే దెబ్బ మెడ ఎముకలకు తగులుతుంది. తల ఎత్తడం నేర్చుకోవడానికి నాకు ఇదే అసలైన కారణం, అందం తర్వాత.

నాలుగు నెలల తర్వాత ఒక మ్యాచ్‌లో ఇద్దరు డిఫెండర్ల మధ్య సందు కనిపించింది. నాకు, నిజంగా, కనిపించింది! దూరిపోయి కొట్టాను, పక్ గోల్‌కు జానెడు పక్కగా పోయింది. మ్యాచ్ అయ్యాక ఆ ఇద్దరినీ వెతుక్కుంటూ వాళ్ల గదికి వెళ్లి చేయి కలిపాను. బేకర్‌కు ఆ అలవాటు ఉండేదని చదివాను. ప్రస్తుతం వెనక్కి స్కేట్ చేస్తూ ఇదే సాధన మొదలుపెట్టాను. అట్టముక్క మళ్లీ బయటికి వచ్చింది.