ఇంట్లో బేకింగ్ – 4వ పాఠం: పాత బ్రెడ్డుతో ఆపిల్ బెట్టీ

మన వైపు బ్రెడ్డు, ఆపిల్ రెండూ చాలాసార్లు ఒకే సంచిలో ఇంటికొస్తాయి. ఒంట్లో బాగాలేని మనిషిని చూడటానికి నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా వట్టి చేతులతో పోరు. ఆస్పత్రి ముందు బండి మీద అరడజను ఆపిల్ పండ్లు, పక్క బేకరీలో ఒక బ్రెడ్డు ప్యాకెట్ తీసుకునే లోపలికి పోతారు. జ్వరం తగ్గిన మనిషి చారన్నం అడుగుతాడు గానీ బ్రెడ్డు వైపు చూడడు. వచ్చిన బ్రెడ్డు గట్టిపడుతుంది, పండ్లకు ముడతలు పడతాయి, చివరికి రెండూ పారేస్తారు. ఈ పాఠం ఆ రెండింటితోనే.

పోయిన మూడు పాఠాల్లో ఓవెన్ ముందుగా వేడెక్కించడం, ఓవెన్ లేనివాళ్లు కుక్కర్ అడుగున ఉప్పు పోసి వాడుకోవడం, కొలతలు తప్పకుండా పిండి కలపడం నేర్చుకున్నాం. ఈసారి పిండి కలిపే పని లేదు. గుడ్డు లేదు, బేకింగ్ పౌడర్ లేదు. ఉన్న విద్యంతా తేమను కనిపెట్టడమే. బ్రెడ్డు ఎంత రసం తాగగలదు, ఆపిల్ ఎంత రసం వదులుతుంది అనేవి చూసి సరిపెట్టగలిగితే ఈ పాఠం మీకు వచ్చినట్టే.

చేయబోయేది ఆపిల్ బ్రౌన్ బెట్టీ. అమెరికా ఇళ్లలో 19వ శతాబ్దం నుంచి చేస్తున్న వంట. మిగిలిన బ్రెడ్డును పొడి చేసి, వెన్న పట్టించి, ఒక వరస పొడి, ఒక వరస ఆపిల్ ముక్కలు పరిచి కాలుస్తారు. అడుగు వరస రసం పీల్చుకుని మెత్తగా ఉంటుంది, పై వరస కరకరలాడుతుంది. దీనికి తాజా బ్రెడ్డు పనికిరాదు. తాజా బ్రెడ్డులో నీళ్లు ముందే నిండి ఉంటాయి, కొత్త రసానికి చోటుండదు. డబుల్ కా మీఠాకి బ్రెడ్డు ముక్కల్ని ముందు నేతిలో ఎర్రగా వేయించేది కూడా ఇందుకే. లోపలి నీళ్లు పోతేనే పాకం, పాలు లోపలికి దిగుతాయి.

గట్టిపడటం వేరు, ఆరడం వేరు

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. ఫ్రిజ్‌లో పెట్టిన బ్రెడ్డు రెండు రోజులకే బిగుసుకుపోతుంది. చేత్తో పట్టుకుంటే ఎండిపోయిందనిపిస్తుంది. నిజానికి అందులో నీళ్లు దాదాపు అలాగే ఉంటాయి. బ్రెడ్డు కాలేటప్పుడు మెత్తబడిన పిండిపదార్థం చల్లారాక మెల్లగా మళ్లీ వరసలు కట్టి బిగుసుకుంటుంది. గట్టిదనం అక్కడినుంచి వస్తుంది. ఫ్రిజ్ చల్లదనంలో ఈ పని బయటకంటే వేగంగా జరుగుతుంది, డీప్ ఫ్రీజర్‌లో దాదాపు ఆగిపోతుంది. అదే ఫ్రిజ్ బ్రెడ్డును పెనం మీద వేడి చేయండి, మళ్లీ మెత్తబడుతుంది. అంటే గట్టిగా ఉంది కదా అని దాన్ని నేరుగా పొడి చేసి వాడితే, ఓవెన్‌లో వేడి తగలగానే మెత్తబడి, ఆపిల్ రసంతో కలిసి ముద్దవుతుంది. అందుకే ఎంత పాత బ్రెడ్డయినా ముందు ఆరబెట్టాలి.

మామూలు తెల్ల బ్రెడ్డు బరువులో మూడో వంతుకు పైగా నీళ్లే. ఆరు ముక్కలు తీసుకుంటే సుమారు 150 గ్రాములు తూగుతాయి. బాగా ఆరాక 100 గ్రాముల దగ్గరికి రావాలి. ఇంట్లో చిన్న కాటా ఉంటే తూచి చూడండి, అనుమానం తీరిపోతుంది. కాటా లేకపోతే ముక్కను మధ్యలో విరవండి. వంగకుండా ఫట్‌మని విరిగితే ఆరినట్టు. అంచు విరిగి నడుమ సాగితే ఇంకా టైం పడుతుంది.

ఎండలో పెడితే చాలు కదా అంటారు. రోహిణి కార్తెలో ఒంగోలు మిద్దె మీద పల్చటి గుడ్డ కప్పి పెడితే ఒక్క పూటలోనే గలగలలాడిపోతుంది, సందేహం లేదు. కానీ ఆపిల్ మన బజారులోకి బాగా వచ్చేది ఎప్పుడు? సిమ్లా కాయ ఆగస్టు నుంచి, కాశ్మీర్ కాయ సెప్టెంబర్ దాటాక. మన జిల్లాలకు అసలైన వానలు పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో. సముద్రం గాలి, ముసురు. ఆ రోజుల్లో బయట పెట్టిన బ్రెడ్డు ఆరదు, బూజు పడుతుంది. కాబట్టి వానాకాలంలో ఎండను నమ్ముకోకండి. ఓవెన్‌ను 110 డిగ్రీల దగ్గర పెట్టి, ముక్కల్ని జాలీ మీద విడివిడిగా పరిచి సుమారు 40 నుంచి 60 నిమిషాలు ఉంచండి, మధ్యలో ఒకసారి తిప్పండి. రంగు మారాల్సిన పని లేదు. ఓవెన్ లేకపోతే మందపాటి దోశ పెనం మీద సన్నసెగన, నూనె చుక్క లేకుండా, రెండు వైపులా ఓపిగ్గా ఆరబెట్టండి. చల్లారగానే డబ్బాలో వేసి మూత బిగించండి. ముసురు రోజుల్లో గాలికి వదిలేస్తే రాత్రికి మళ్లీ మెత్తబడుతుంది.

బూజు గురించి ఒక్క మాట, ఇది గట్టిగానే చెప్తున్నాను. ఒక ముక్క మీద పచ్చ చుక్క కనిపిస్తే ప్యాకెట్ మొత్తం పారేయండి. బూజు దారాలు కంటికి కనిపించకుండా లోపలికి పాకి ఉంటాయి. ఎండబెట్టినా కాల్చినా దాని విషం పోతుందని నమ్మకం లేదు. పొదుపు మంచిదే, కానీ అది ఇక్కడ చేసే పని కాదు. రోజూ ఒకటీ రెండూ మిగిలే ముక్కల్ని, ఎవరూ తినని రెండు చివర్లనీ కవర్లో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెడుతూ రండి. సరిపడా పోగయ్యాక ఒక్కసారే ఆరబెట్టుకోవచ్చు. చివరి ముక్కలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, వాటి పొడికి రుచి ఎక్కువ. టూటీఫ్రూటీ బ్రెడ్డు వద్దు. రస్కులు కూడా వద్దు, వాటి తీపి, వాసన ఆపిల్‌ను మింగేస్తాయి.

ఆరిన ముక్కల్ని చేత్తో తుంచి మిక్సీలో రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పండి. శనగబద్దంత పలుకులు, కాస్త రవ్వ కలిసి ఉంటే సరిగ్గా వచ్చినట్టు. మెత్తటి పొడి ఎక్కువగా వస్తే జల్లించి కట్‌లెట్‌లకు దాచుకోండి, ఇందులో వేస్తే జిగురవుతుంది.

వెన్న, లేదా నెయ్యి

60 గ్రాముల వెన్న, లేదా 50 గ్రాముల నెయ్యి. వెన్నలో కొంత నీరు ఉంటుంది, నేతిలో ఉండదు, అందుకే ఆ తేడా. ప్యాకెట్ వెన్న ఉప్పుదైతే వేరే ఉప్పు వేయకండి. ఇంట్లో చిలికిన వెన్న ఉంటే దాన్ని గిన్నెలో కరిగించి, చిటపట తగ్గి కమ్మటి వాసన మొదలయ్యేదాకా కాచి దించండి. పూర్తిగా నెయ్యి కానివ్వొద్దు. నెయ్యి కాచాక అడుగున మిగిలే గోధుమ రంగు మడ్డి ఉంటే ఒక చెంచా పొడిలో కలపండి. దీని రుచి ఏ బేకరీలోనూ దొరకదు.

పొడిని మూడు భాగాలు చేయండి. కరిగించిన వెన్నలో సగం పై వరసకు ఉంచిన ఒక్క భాగానికే పట్టించండి. మిగతా సగం రెండు భాగాలకు సర్దండి. కొవ్వు బాగా పట్టిన పలుకు రసాన్ని త్వరగా పీల్చదు, కరకరగా నిలుస్తుంది. అడుగు పొడి రసం తాగాలి కాబట్టి దానికి తక్కువ చాలు. అన్నిటికీ సమానంగా కలిపేసినా తినడానికి బాగానే ఉంటుంది, కానీ ఇలా చేస్తే తేడా నోటికి తెలుస్తుంది.

ఆపిల్ ఎంత రసం ఇస్తుంది

నాలుగు మధ్యరకం పండ్లు, 600 నుంచి 700 గ్రాములు. బండి దగ్గర రంగు చూసి మోసపోకండి. చేతిలోకి తీసుకుంటే సైజుకు తగ్గ బరువుండాలి, బొటనవేలితో నొక్కితే దిగకూడదు. “అబ్బయ్యా, ఒకటి కోసి చూపించు” అని అడగండి, డజను కొనేవాళ్లకు కాదనరు. కొరికితే కరుక్కుమనేది రసం కాయ. నోట్లో పిండిపిండిగా విడిపోయేది చాలా రోజులు నిలవున్న కాయ. మనకు దొరికే ఎర్ర డెలీషియస్ రకాలు ఎక్కువగా తీపి, పులుపు తక్కువ, ఉడికితే త్వరగా మెత్తబడతాయి. పచ్చ ఆపిల్ ఒక్కటి కలిపితే రుచి నిలబడుతుంది, కానీ ధర ఎక్కువ. మనకు గూడూరు, పొదలకూరు నిమ్మకాయలుండగా దాని కోసం వెతకాల్సిన అవసరం లేదు. ఒక కాయ రసం చాలు. పులుపు అందుతుంది, ముక్కలు నల్లబడవు, ఉడికేటప్పుడు మరీ చితికిపోకుండా కాస్త ఆపుతుంది కూడా.

చెక్కు తీసి, గింజల భాగం కోసేసి, పావు అంగుళం మందాన ముక్కలు చేయండి. పిండిగా ఉన్న కాయైతే అర అంగుళం. చెక్కును అరగ్లాసు నీళ్లలో పది నిమిషాలు మరగనిచ్చి వడకట్టి పక్కన పెట్టుకోండి. ముక్కలకు నిమ్మరసం, 60 గ్రాముల పంచదార లేదా తరిగిన బెల్లం, అరచెంచా దాల్చిన చెక్క పొడి, చిటికెడు శొంఠి కలపండి. బెల్లంతోనే నాకు నచ్చుతుంది, రంగూ బాగుంటుంది. బ్రెడ్డులో ముందే తీపి ఉంటుంది గనుక ఇంతకంటే వేయొద్దు. దాల్చిన చెక్క అంటే బిర్యానీ వాసనే గుర్తొస్తుందనేవాళ్లు దాన్ని సగానికి తగ్గించి ఏలకులు వేసుకోవచ్చు.

ఇప్పుడు 20 నిమిషాలు ఆగండి. పంచదారైనా బెల్లమైనా ఆపిల్ ముక్కల్లోని నీటిని బయటికి లాగుతుంది. తర్వాత గిన్నెను పక్కకు వంచి చూడండి. మూడు నాలుగు చెంచాల రసం చేరితే లెక్క కుదిరినట్టే. గిన్నె అడుగు తడిసి ఊరుకుంటే కాయలో రసం లేదన్నమాట, చెక్కు నీళ్లు నాలుగు చెంచాలు కలపండి. రసం అంతకు మించి తేలితే అడుగు వరసకు ఇంకో బ్రెడ్డు ముక్క పొడి చేర్చండి. వంట పుస్తకంలోని కొలత మీరు కొన్న కాయను చూసి రాసింది కాదు, గిన్నె వంచి చూసే ఈ ఒక్క చూపే మీకు లెక్క చెప్తుంది.

పరచడం, కాల్చడం

8 అంగుళాల గాజు లేదా స్టీల్ గిన్నె తీసుకోండి. అల్యూమినియం గిన్నెలో కాల్చినా, పులుపు ఉంది కాబట్టి అందులో నిలవ ఉంచకండి. వెన్న రాసి, ఒక భాగం పొడి, దానిపై సగం ఆపిల్, మళ్లీ పొడి, మిగిలిన ఆపిల్ రసంతో సహా, చివరికి వెన్న ఎక్కువ పట్టించిన పొడి. చేత్తో నొక్కొద్దు. పైన ఫాయిల్ కప్పి, 180 డిగ్రీలకు ముందే వేడెక్కిన ఓవెన్‌లో 30 నిమిషాలు పెట్టండి. మూత కింద ఆవిరికి ఆపిల్ ఉడుకుతుంది, పొడి రసం తాగుతుంది. చాకు గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. అప్పుడు ఫాయిల్ తీసేసి ఇంకో 15 నిమిషాలు, అంచుల్లో రసం బుడగలు కట్టి పైన గోధుమ రంగు వచ్చేదాకా.

కుక్కర్‌లో చేసేవాళ్లకు పై వరస ఎర్రబడదు, లోపలి ఆవిరి పోవడానికి దారి తక్కువ. గ్యాస్కెట్, వెయిట్ తీసేసి, పై వరస పొడి వేయకుండా 40 నిమిషాల పైన ఉడికించండి. ఆ పొడిని బాణలిలో విడిగా ఎర్రగా వేయించి, వడ్డించేటప్పుడు చల్లుకోండి.

దించాక పావుగంట ఆగితే రసం చిక్కబడుతుంది. చల్లటి మీగడ వేసుకుని తినండి.

మామిడితో చేయొచ్చా అని మూడో పాఠం తర్వాత కావలి నుంచి ఒకరు అడిగారు. చేయొచ్చు. దోరగా ఉన్న బంగినపల్లి తీసుకోండి, తీపి సగానికి తగ్గించండి, నీళ్లు అసలు కలపొద్దు. అరటిపండు మాత్రం వద్దు, అది రసం వదలదు.

మీ గిన్నెలో అడుగు ముద్దయితే బ్రెడ్డు సరిగా ఆరలేదు. అడుగున పొడి పొడిగానే మిగిలితే కాయలో రసం తక్కువ. పైన మాడి లోపల ఆపిల్ పచ్చిగా ఉంటే ఫాయిల్ తొందరగా తీశారు, లేదా ముక్కలు మందం.

ఇంటి పని: పెద్ద గిన్నె చేసే ముందు రెండు చిన్న గిన్నెల్లో చేసి చూడండి. ఒక ఆపిల్, నాలుగు బ్రెడ్డు ముక్కలు చాలు. ఒక గిన్నెలో ఫ్రిజ్‌లో గట్టిపడ్డ బ్రెడ్డు అలాగే, ఇంకో దాంట్లో అదే బ్రెడ్డు ఆరబెట్టి. రెండూ పక్కపక్కన ఒకేసారి కాల్చి, అడుగు వరసను చెంచాతో తీసి చూడండి. ఆ తేడా రాసి పెట్టుకోండి. అయిదో పాఠంలో ఇదే ఆరిన బ్రెడ్డుతో, పాలు గుడ్డు కలిపి బ్రెడ్ పుడ్డింగ్ చేస్తాం, అక్కడ ఈ లెక్క మళ్లీ కావాలి.