ఆమిష్ పల్లెలకు ఇంటిల్లిపాదీ వెళ్లి రావడం ఎలా?

న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీకి వెళ్లే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. శనివారమంతా హెర్షీలో చాక్లెట్లు, ఆటలు. ఆదివారం ఇంటికి తిరిగొస్తూ, దగ్గరే కదా అని ఆమిష్ పల్లెల వైపు ఒక మలుపు. ఆమిష్ అంటే కార్లు, కరెంటు తీగలు లేకుండా, గుర్రపు బగ్గీలతో పాత పద్ధతిలో బతికే క్రైస్తవ సమాజం. తీరా వెళితే దుకాణాలు మూసి ఉంటాయి, పొలాల్లో మనిషి కనిపించడు. కారు కిటికీలోంచి రెండు గుర్రపు బగ్గీలను ఫోనులో తీసుకుని, అక్కడ చూడటానికి ఏమీ లేదని పదిమందికీ చెబుతారు. పిల్లలకూ, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకూ ఒకేసారి నచ్చే చోట్లు అమెరికాలో చాలా తక్కువ. వాటిలో దీనిదే మొదటి స్థానం. దీనికి ఒక పూట చాలదు, ఆదివారం అసలే పనికిరాదు.

ముందుగా రోజు ఖరారు చేయండి

శుక్రవారం చేరుకోవాలి, శనివారమంతా అక్కడే గడపాలి, ఆదివారం బయలుదేరాలి. ఇంకో క్రమం నేను ఒప్పుకోను. ఆదివారం ఆమిష్ వారు ఏ వ్యాపారమూ చేయరు. వారికి చర్చి కట్టడాలు లేవు. వారం విడిచి వారం ఒక్కో కుటుంబం ఇంట్లో ప్రార్థనకు చేరతారు, మిగతా ఆదివారాలు చుట్టాల ఇళ్లకు వెళతారు. ఇంటర్‌కోర్స్ అనే ఊళ్లో జాములూ పచ్చళ్లూ మన కళ్ల ముందే తయారుచేసే కిచెన్ కెటిల్ విలేజ్ కూడా ఆ రోజు తెరవరు. లాంకాస్టర్ నగరం నడిబొడ్డున, 1889 నాటి ఎర్ర ఇటుకల భవనంలో నడిచే సెంట్రల్ మార్కెట్‌కు మంగళ, శుక్ర, శని వారాలే పనిదినాలు. అందుకే శుక్రవారం పెందలాడే చేరి, ముందు అక్కడికే వెళ్లమంటాను.

ఇంకో మూడు రోజులు గుర్తుపెట్టుకోండి: ఈస్టర్ ఆదివారంతో కలిపి లెక్కిస్తే నలభయ్యో రోజున వచ్చే గురువారం, అక్టోబరు 11, డిసెంబరు 26. ఇవి ఆమిష్ వారి పండుగలు, ఉపవాస దినాలు. దుకాణాలు ఉండవు. అక్టోబరు పొడుగు వారాంతంలో బయలుదేరేవారు 11వ తేదీ ఏ రోజు పడిందో తప్పక చూసుకోవాలి.

ఏ కాలంలో వెళ్లాలి

అందరూ అక్టోబరు అంటారు. గుమ్మడికాయలు, రంగు మారిన ఆకులు, చెర్రీ క్రెస్ట్ పొలంలో నిలువెత్తు మొక్కజొన్న చేను మధ్య తీర్చిన చిక్కుదారులు. పిల్లలకు బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ నెలలో 30వ నంబరు రోడ్డు మీద కారు కదలదు.

నన్నడిగితే మార్చి. మంచు కరిగి నేలంతా బురదగా ఉండే ఆ రోజుల్లో ఊరూరా అగ్నిమాపక దళాల కోసం వేలాలు జరుగుతాయి. వాటిని మడ్ సేల్స్ అంటారు. గోర్డన్‌విల్‌లో మార్చి రెండో శనివారం జరిగేది పెద్దది. స్ట్రాస్‌బర్గ్, బార్ట్ ఊళ్లలోనూ జరుగుతాయి. ఈ దళాలన్నీ జీతం లేని స్వచ్ఛంద సేవకులతో నడుస్తాయి, వారిలో చాలామంది ఆమిష్ యువకులే. మైదానంలో ఒక మూల గుర్రాలు, ఒక మూల బగ్గీలు, నాగళ్లు, పాత పనిముట్లు, ఒక డేరాలో చేత్తో కుట్టిన బొంతలు. ఒకేసారి నాలుగైదు చోట్ల వేలం పాట సాగుతూ ఉంటుంది. బొంత పైకెత్తి పట్టుకున్న ఇద్దరు అమ్మాయిల చేతులు అలసిపోయేలోపు పాట ముగుస్తుంది, అంత వేగం. ఇక్కడ పర్యాటకుల కోసం పెట్టిందేమీ లేదు, ఊరు తన పని తాను చేసుకుంటూ ఉంటుంది, మనం పక్కన నిలబడి చూస్తాం. డబ్బు పెట్టి కొన్న ఏ టికెట్టూ దీనికి సాటిరాదు. రబ్బరు బూట్లు, నోట్లు, పిల్లలకు మారు బట్టలు తీసుకెళ్లండి.

తాతయ్యలు, అమ్మమ్మలు వేసవిలో వస్తారు కాబట్టి ఆగస్టు చివరా మంచిదే. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు పండించిన ఇంటివారైతే మరీ మంచిది. అక్కడ మనం ఆకులు కర్రలకు అల్లి బ్యారన్‌లో వేడి పెట్టి కాలుస్తాం. లాంకాస్టర్‌లో మొక్కను మొదలంటా నరికి, కాడలను పలక కర్రలకు గుచ్చి, కొట్టంలో తలకిందులుగా వేలాడదీస్తారు. కొట్టం గోడలకు నిలువు పలకలు తలుపుల్లా తెరుచుకుంటాయి, గాలికే ఆరుతుంది, నిప్పు అవసరం లేదు. ఆ తెరిచిన పలకల సందుల్లోంచి వరుసలు వరుసలుగా ఆకు కనిపిస్తుంది. పిల్లలు ఏమడిగినా జవాబు తాతయ్యే చెబుతాడు.

మే చివర, జూన్‌లో స్ట్రాబెర్రీలు. సెప్టెంబరులో హెర్షీ ఫామ్ అనే చోట (హెర్షీ ఊరు కాదు) వూపీ పై పండుగ, అంటే రెండు చిన్న కేకుల మధ్య క్రీము పెట్టిన మిఠాయి పండుగ. నవంబరులో మంగళ, గురువారాలు ఎక్కువగా పెళ్లిళ్లకు పోతాయి, ఆ రోజుల్లో చిన్న దుకాణాలను నమ్ముకోవద్దు. డిసెంబరులో క్రిస్మస్ రైళ్లు.

బస, టికెట్లు

స్ట్రాస్‌బర్గ్‌లో గానీ బర్డ్ ఇన్ హ్యాండ్ అనే ఊళ్లో గానీ గది తీసుకోండి, హెర్షీలో వద్దు. స్ట్రాస్‌బర్గ్ ఆవిరి రైలు టికెట్లు ముందే కొనండి, ముఖ్యంగా పిల్లల కథల్లోని థామస్ రైలు నడిచే వారాంతాల్లో. ఒకటి, ఐదు డాలర్ల నోట్లు ఒక కట్ట దగ్గర ఉంచుకోండి. అంతే.

ముందు రైలు, తరువాత ఇల్లు

శనివారం పొద్దున్నే మొదటి ఆవిరి రైలు ఎక్కండి. స్ట్రాస్‌బర్గ్ రైలు కంపెనీ 1832లో ఏర్పడింది. ప్యారడైజ్ అనే ఊరి వరకు వెళ్లి రావడానికి ముప్పావుగంట పడుతుంది. పట్టాలకు రెండు పక్కలా ఆమిష్ పొలాలే. కంచర గాడిదలు లాగే యంత్రాలనూ, తాడు మీద రంగుల వారీగా ఆరవేసిన బట్టలనూ ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా చూడటానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే పెట్టె మెట్ల దగ్గర చేయి అందించండి. ఎదురుగానే పెన్సిల్వేనియా రైల్వే మ్యూజియం ఉంది, రైళ్లంటే ప్రాణమైన పిల్లవాడుంటే ఇంకో రెండు గంటలు కేటాయించాల్సిందే.

ఆ తరువాత ఆమిష్ ఫామ్ అండ్ హౌస్‌కు వెళ్లండి. 1955 నుంచి సందర్శకులకు చూపిస్తున్న ఇల్లు ఇది, కట్టింది 1805లో. చుట్టూ పెద్ద దుకాణాలు వచ్చేశాయని మొహం చిట్లించకండి. ఇల్లు చూపించే మనిషి అక్కడ ఉంచిన ఆమిష్ ఆడవారి దుస్తులను చేతిలోకి తీసుకుని, వాటికి గుండీలు లేవని, పైవస్త్రాన్నీ ముందు కట్టుకునే గుడ్డనూ గుండుసూదులతోనే బిగిస్తారని చూపిస్తారు. కరెంటు తీగలు ఎందుకు లేవు, ఫ్రిజ్ గ్యాసుతో ఎలా నడుస్తుంది, పిల్లలు ఎనిమిదో తరగతితో చదువు ఎందుకు ఆపేస్తారు, 1972లో సుప్రీంకోర్టు దానికి ఎలా ఒప్పుకుంది అన్నవన్నీ ఇక్కడే అడగండి. మీ పిల్లల ప్రశ్నలన్నీ ఇక్కడే అయిపోవాలి. ఇది నా ఇష్టాయిష్టాల సంగతి కాదు, తరువాతి ఘట్టం దీని మీదే ఆధారపడి ఉంది.

చిన్న దారుల్లోకి దిగడం

చాలామంది చెడగొట్టేది ఇక్కడే. 30వ నంబరు రోడ్డు వదిలి 340 మీదికి వచ్చి, బర్డ్ ఇన్ హ్యాండ్ దాటాక ఉత్తరంగా న్యూ హాలండ్ వైపు తిరిగే పల్లె దారుల్లో అసలైన ఆమిష్ జీవితం కనిపిస్తుంది. అక్కడ టికెట్లు లేవు, గైడ్లు లేరు. అవి వారి ఇళ్లు, వారి పిల్లలు. మన వాకిట్లోకి కారులో వచ్చి ఎవరో మన అమ్మాయిని ఫోటో తీస్తే ఎలా ఉంటుందో, ఆ దారిలో నడిపినంతసేపూ అది మనసులో ఉండాలి.

ముందు కారు సంగతి. లాంకాస్టర్ బగ్గీ బూడిద రంగులో ఉంటుంది, వెనుక నారింజ రంగు ముక్కోణం. అది గంటకు ఎనిమిది, పది మైళ్లకు మించి పెద్దగా పోదు, మీరు నలభై మీద ఉంటారు. మెరక ఎక్కి దిగగానే ఎదురుగా బగ్గీ ఉంటే బ్రేకు వేసే వ్యవధి ఉండదు, కాబట్టి ప్రతి మెరక దగ్గరా వేగం తగ్గించండి. హారన్ కొట్టవద్దు. నేనొస్తున్నానని తెలియజేయడానికి కూడా కొట్టవద్దు. గుర్రం బెదిరితే బండిలో ఉన్న తల్లీపిల్లలకు ప్రమాదం. ఎదుటి దారి బాగా కనిపించినప్పుడే, పక్కకు బాగా ఎడంగా జరిగి దాటండి, దాటగానే ముందుకు కోసి రావద్దు. స్టాప్ గుర్తు దగ్గర బగ్గీ వెనుక ఆగితే ఒక కారు పట్టేంత ఖాళీ వదలండి, గుర్రం ఆగినప్పుడు బండి ఒక్కోసారి కొద్దిగా వెనక్కి దొర్లుతుంది. రాత్రిపూట హై బీమ్ తగ్గించండి.

ఇక ఫోను. బాప్తిస్మం తీసుకున్న ఆమిష్ వారు ఫోటోకు నిలబడరు. విగ్రహాలూ రూపాలూ చేసుకోవద్దన్న బైబిలు ఆజ్ఞ ఒక కారణం, తన్ను తాను చూసి మురిసిపోవడం అహంకారమన్న నమ్మకం ఇంకో కారణం. అడిగి తీయవచ్చా అంటారు. అడగవద్దనే నా మాట. అతిథిని నొప్పించలేక మొహమాటపడి ఊరుకున్న మనిషిని ఒప్పుకున్నట్టు లెక్కవేయకూడదు. పొలాలు, గాలిమరలు, దూరం నుంచి కొట్టాలు తీసుకోండి, చాలు. నా పద్ధతి ఇంకా సులువు: 340 నుంచి మలుపు తిరగ్గానే కారులోని ఫోన్లన్నీ ఒక సంచిలోకి వెళ్లాలి, దారి చూపించే ఒక్కటి తప్ప. పెద్దవాళ్లవీ అంతే. నాన్నగారు నొచ్చుకుంటారేమో అనిపిస్తే బయలుదేరే ముందే ఇంట్లో నెమ్మదిగా చెప్పండి.

పిల్లలతో మాట్లాడే విషయంలో మరింత జాగ్రత్త. ఆమిష్ ఇళ్లలో మాట్లాడేది పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ మాండలికం. బడికి వెళ్లాకే ఇంగ్లిషు వస్తుంది. నాలుగేళ్ల బాబు మీ ప్రశ్నకు జవాబు చెప్పకుండా చూస్తూ ఉన్నాడంటే సిగ్గు ఒక్కటే కారణం కాదు, మీ మాట వాడికి అర్థం కాలేదు. బుగ్గలు పుణకడం, చాక్లెట్లు ఇవ్వడం వద్దు. బడి కనిపిస్తే కారు ఆపవద్దు. 2006 అక్టోబరులో నికెల్ మైన్స్ బడిలోకి తుపాకీతో చొరబడ్డ మనిషి ఐదుగురు ఆడపిల్లలను పొట్టనబెట్టుకున్నాడు. ఆ బడిని ఆ తరువాత కూల్చేశారు. ఆ చోటు వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి వారిలో ఒకరు కావద్దు.

మరి ఎక్కడ ఆగాలి? రోడ్డు పక్కన చేతిరాత బోర్డు ఉన్న చోట. మొక్కజొన్న కండెలు, గుడ్లు, టమాటాలు, ఇంట్లో కాచిన రూట్ బీర్, ఇది మద్యం కాదు, పిల్లలు తాగవచ్చు. బల్ల దగ్గర ఎవరూ లేకపోతే ధర చూసి డబ్బు పెట్టెలో వేసి రండి. చిన్న నోట్లు ఉంచుకోమన్నది ఇందుకే. బేరం వద్దు. అమ్మే ఆవిడ ఉంటే పంట గురించి, వాన గురించి మాట్లాడండి, సంతోషంగా చెబుతారు. అత్తయ్యగారు గొంగూర విత్తనాల గురించి మొదలుపెడితే ఆపకండి, తర్జుమా చేయండి.

బగ్గీ ఎక్కాలనే సరదా కూడా ఈ పూటే తీర్చుకోండి. పెద్ద రోడ్డు పక్కనే తిప్పి తెచ్చేవి కాకుండా పొలాల మధ్యకు తీసుకెళ్లే సవారీ ఎంచుకోండి. ఎక్కే మెట్టు ఎత్తుగా ఉంటుంది, పెద్దవాళ్లకు చిన్న పీట అడగండి.

తిండి

శాకాహారులు ఒక్క ప్రశ్న వదలకూడదు: ఇందులో పంది కొవ్వు ఉందా? తీపి పైల అడుగు పొరలో లార్డ్ పేరుతో అది తరచు ఉంటుంది. బీన్స్ కూరలో హ్యామ్ ముక్కలు వేస్తారు, నూడుల్స్ కోడి రసంలో ఉడికిస్తారు. సిగ్గుపడకుండా ప్రతి వంటకానికీ విడిగా అడగండి. లార్డ్ లేదని చెబితే షూఫ్లై పై తప్పక తినండి, మొలాసిస్ పాకంతో చేసిన దాని లోపలి పొర మన బెల్లం పూర్ణంలా ఉంటుంది. యాపిల్ బటర్, కూరగాయల చౌచౌ పచ్చడి, వేడి ప్రెట్జెల్‌తో పిల్లల కడుపు నిండుతుంది. ప్రెట్జెల్ పిండి పిల్లలే మెలితిప్పాలంటే లిటిట్జ్ ఊళ్లో 1861 నాటి జూలియస్ స్టర్జిస్ బేకరీకి వెళ్లండి.

ఆదివారం

పొద్దున ప్రార్థనకు వెళ్లే బగ్గీల వరుస ఎదురైతే వెంట పడవద్దు, పక్కకు తప్పుకుని పోనివ్వండి. మీ పిల్లలు పదేళ్ల లోపు వారైతే, ఎండాకాలమైతే, డచ్ వండర్‌ల్యాండ్‌కు వెళ్లండి. 1963 నుంచి చిన్న పిల్లల కోసమే నడుస్తున్న ఆటల పార్కు అది, ఆదివారం తెరిచే ఉంటుంది. హెర్షీ మాత్రం ఈ ప్రయాణంలో కలపవద్దు, దానికి ఇంకో వారాంతం పెట్టుకోండి. మధ్యాహ్నం రెండింటికల్లా బయలుదేరితే న్యూజెర్సీలోని ఎడిసన్‌కు రెండున్నర గంటల్లో చేరతారు. నాలుగు దాటిందంటే టర్న్‌పైక్ మీద సాయంత్రం రద్దీలో చిక్కుకుంటారు.