నత్త నరాల పాఠాలు – 4: గీత పైకి లేచింది సరే, ఎందుకు లేచింది?

బరంపురంలో వానలు మొదలైతే చాలు, మా పెరటి గోడ నిండా ఆఫ్రికా నత్తలే. పక్కింటి ఒడియావాళ్ళు గెండా, గెండా అంటూ ఉప్పు డబ్బాతో బయల్దేరతారు. (వట్టి చేత్తో ముట్టుకోకండి, వాటిలో ఎలుకల నుంచి వచ్చే ఊపిరితిత్తుల పురుగు ఉండొచ్చు.) ఈ జాతి నత్త నాడీముడుల్లోంచే జపాన్ వాళ్ళు 1989లో అకాటిన్-1 అనే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) తీశారు. నాలుగే అమైనో ఆమ్లాలు, అందులో రెండోదైన ఫినైల్ అలనిన్ మాత్రం మామూలుది కాదు, దాని అద్దంలో బొమ్మ. మామూలు రూపంతో అదే పెప్టైడ్ తయారుచేసి పోస్తే నరాల కణం పలకలేదు!

పోయిన పాఠంలో కణం ఊరికే ఉన్నప్పటి గీత, అంటే కణం లోపలి వోల్టేజీని చూపే గీత, చదవడం నేర్చుకున్నాం, మైనస్ 50 మిల్లీవోల్టుల దగ్గర. ఇప్పుడు పెప్టైడ్ చుక్క పడింది, గీత పైకి లేచింది. సోడియం లోపలికొచ్చింది అని రాసేస్తారు కదూ? ఎమ్మెస్సీలో నేనూ అలాగే రాసి మొట్టికాయ తిన్నాను.

పెరట్లో డ్రమ్ము ఉంది, పైన కుళాయి సన్నగా కారుతోంది, అడుగున చిన్న చిల్లు. నీళ్ళు పెరిగాయంటే కుళాయి ఇంకాస్త తిప్పి ఉండాలి, లేదా చిల్లుకి ఎవరో గుడ్డ కుక్కి ఉండాలి. మట్టం ఒక్కటే చూస్తే ఏది జరిగిందో తెలీదు. కణంలోనూ అంతే, సోడియం, పొటాషియం రెండూ ప్లస్ ఛార్జి మోసేవే: సోడియం దారి తెరుచుకున్నా గీత లేస్తుంది, పొటాషియం బయటికి కారే దారి మూసుకున్నా లేస్తుంది.

తేల్చేది ఇలా. పెప్టైడ్‌కి ముందూ తర్వాతా, ఒకే కొలత చిన్న మైనస్ కరెంటు పంపుతూ గీతలో పడే గుంట ఎంత లోతో చూడండి. 0.5 నానోఆంపియర్‌కి ముందు 10 మిల్లీవోల్టుల గుంట అంటే నిరోధం 20 మెగాఓమ్‌లు, తర్వాత 15 అయితే 30. నిరోధం పెరిగింది, కాబట్టి ఏదో దారి మూసుకుంది. గుంట తగ్గితే తెరుచుకున్నట్టు. ఒక్క జాగ్రత్త, గీత కదిలితే దానివల్లే కొన్ని దారులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి, అందుకని కరెంటుతో గీతని పాత చోటికి దించి అప్పుడు కొలవాలి, చాలామంది ఇది ఎగ్గొడతారు.

ఈ కొలత లేకపోతే ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఎఫ్‌అమైడ్ దగ్గర బుర్ర తిరుగుతుంది. 1977లో ఆల్చిప్పలో దొరికిన ఈ పెప్టైడ్, తోట నత్త కణాలు కొన్నిటిలో తనే తాళంచెవిలా సోడియం దారి తీస్తుంది (ఆ దారి జన్యువుని 1995లో పట్టుకున్నారు), ఇంకొన్నిటిలో పొటాషియం దారి తీసి కణాన్ని నోరు మూయిస్తుంది. సముద్రపు నత్త అప్లీసియాలో ఇంకా తమాషా, సెరటోనిన్ అనే మరో నరాల రసాయనం మూసే పొటాషియం దారినే ఇది తెరుస్తుంది. ఏ పని జరగాలో పెప్టైడ్ చెప్పదు, అందుకునే కణమే చెప్తుంది.

అభ్యాసం: గీత 6 మిల్లీవోల్టులు దిగింది, పాత చోటికి తెచ్చి కొలిస్తే 0.5 నానోఆంపియర్‌కి గుంట 10 నుంచి 6కి తగ్గింది. నిరోధం ముందెంత, తర్వాతెంత, ఏ దారి, తెరుచుకుందా మూసుకుందా? కాగితం మీద వేసి ఉంచండి, 5వ పాఠం అక్కణ్ణుంచే మొదలు.