విజయనగరంలో కూర్చుని అమెరికా కాన్ఫరెన్స్ టోర్నీ ఫాలో అవడం ఎలా

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చూడాలని ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, మార్చిలో జరిగే కాన్ఫరెన్స్ టోర్నీతో మొదలుపెట్టండి. కాన్ఫరెన్స్ అంటే సీజన్‌లో ఎక్కువగా తమలో తామే ఆడుకునే కాలేజీల గుంపు. లీగ్ మ్యాచ్‌లు అయ్యాక ఆ గుంపులోనే నాకౌట్ పెడతారు, గెలిచిన జట్టుకి 68 జట్ల జాతీయ టోర్నీలో చోటు ఖాయం, అంతకుముందు ఎన్ని ఓడిపోయినా సరే. అందుకే నా కన్నెప్పుడూ కింది జట్ల మీదే ఉంటుంది.

ముందు బ్రాకెట్, అంటే ఎవరు ఎవరితో ఆడతారో చూపే నాకౌట్ పటం, చేత్తో గీయండి. ఫోన్‌లో చూస్తే బుర్రకెక్కదు. బిగ్ ఈస్ట్ అనే కాన్ఫరెన్స్ తీసుకోండి, 11 జట్లు, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆడతారు. లీగ్‌లో వచ్చిన స్థానమే సీడ్. పై ఐదు జట్లకి బై, అంటే మొదటి రౌండ్ ఆడక్కర్లేదు, మొదటి రోజు 6తో 11, 7తో 10, 8తో 9. జత కూడితే 17 రావాలి, రాలేదంటే ఎక్కడో తప్పు గీసినట్టే. క్వార్టర్ ఫైనల్స్‌లో సీడ్ ప్రకారం 1-8, 2-7, 3-6, 4-5, అక్కడ కూడితే 9. ఎనిమిదో సీడ్‌ని తొమ్మిదో సీడ్ ఓడిస్తే ఒకటో సీడ్ మీదకి అదే వెళ్తుంది. పెన్సిల్‌తోనే రాయండి.

టైమ్ దగ్గర చాలామంది పొరబడతారు. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకి జరుపుతారు, ఆ తర్వాత న్యూయార్క్‌కీ మనకీ తేడా తొమ్మిదిన్నర గంటలు. అక్కడ గురువారం రాత్రి 7 అంటే మనకి శుక్రవారం తెల్లవారుజామున 4:30. చిన్న కాన్ఫరెన్స్‌లు ఆ ఆదివారం కంటే ముందే మొదలవుతాయి కాబట్టి వాటికి ఇంకో గంట కలుపుకోండి. ఇంట్లో ఇంటర్ పరీక్షలు రాసే పిల్లలుంటే, వాళ్లూ ఆ టైమ్‌కే లేచి చదువుకుంటారు, సౌండ్ తగ్గించుకోండి.

ఇక రూల్స్. పురుషుల ఆట నాలుగు క్వార్టర్లు కాదు, 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. షాట్ క్లాక్, అంటే బంతి ఉన్న జట్టు షాట్ వేయాల్సిన గడువు, 24 కాదు, 30 సెకన్లు. అసలు గందరగోళం ఫౌల్స్‌తో వస్తుంది: ఒక భాగంలో ఒక జట్టు చేసిన మొత్తం ఫౌల్స్‌లో ఏడో దాని నుంచి తొమ్మిదో దాని దాకా, ఎదుటి జట్టుకి మొదటి ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) పడితేనే రెండోది ఇస్తారు. మాతో ఆడే ఒక కుర్రాడు మొదటిసారి ఇది చూసి "ఏటన్నా ఇది, ఒక్క షాటేనా?" అని లేచి నిలబడ్డాడు. అది ఏసీసీ అనే ఇంకో కాన్ఫరెన్స్ 2024 సెమీస్, మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్న వర్జీనియా ఆటగాడు చివరి సెకన్లలో ఆ మొదటి షాటే మిస్ చేశాడు. బంతి అందుకున్న ఎన్‌సీ స్టేట్, బజర్ మోగుతుండగా దూరం నుంచి వేసిన మూడు పాయింట్ల షాట్ బోర్డుకి తగిలి లోపల పడింది. ఓవర్‌టైమ్‌లో గెలిచి, మర్నాడు నార్త్ కరోలినాని కూడా ఓడించారు. పదో సీడ్ అది! ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు, 1987 తర్వాత మొదటి టైటిల్, అక్కడి నుంచి నేరుగా ఫైనల్ ఫోర్, అంటే జాతీయ టోర్నీ సెమీస్ దాకా. ఆ హైలైట్స్ తప్పకుండా చూడండి, బ్రాకెట్ అడుగున ఉన్న గీతలు ఎందుకు ముఖ్యమో నేను చెప్పేకంటే బాగా తెలుస్తుంది.

కాన్ఫరెన్స్‌లన్నీ ఒకేసారి పట్టుకోకండి. మొదటి ఏడాది ఒక్కటి చాలు.

టోర్నీలు ముగిసే ఆదివారం, అంటే మనకి సోమవారం తెల్లవారుజామున 3:30కి, 68 జట్ల జాబితా ప్రకటిస్తారు. ఆ రాత్రికి ముందే ఒక చార్ట్ పేపర్ కొని ఉంచుకోండి, ఈ బ్రాకెట్ నోట్‌బుక్ పేజీలో పట్టదు.