‘నో పబ్లిక్ ఫండ్స్’ చూసి మీ జీతం వదులుకోకండి

పోయిన నెల ఖమ్మం వైపు కుర్రాడొకడు ఫోన్ చేశాడు. భార్యకి ఆరో నెల, ఇక్కడ బ్రిటన్‌లోనే కేర్ హోమ్‌లో పని. "ఎనిమిదో నెలలో ఉద్యోగం మానేస్తుందన్నా. వీసాలో నో పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదని ఉంది కదా, మెటర్నిటీ పే తీసుకుంటే వీసా పోతుందట" అన్నాడు. ఎవరు చెప్పారంటే రూమ్మేట్ చెప్పాడట. ఆ వీసా ఆమె ఉద్యోగం మీద వచ్చిందే. పే తీసుకుంటే ఏమీ కాదు, మానేస్తేనే వీసాకి ఎసరు.

గట్టిగా తిడదామనుకున్నాను కానీ నోరు రాలేదు. 2019 చలికాలంలో నేను చేసిందీ అదే. రెడింగ్ వచ్చిన మూడో నెలలో మంచు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. సిక్ పే అంటే ప్రభుత్వం ఇచ్చే సాయం అనుకుని, భయపడి, రెండు వారాలు నా సొంత సెలవులే వాడేసుకున్నాను. కట్టుతో ఆఫీసుకి వెళ్తే మేనేజర్ "ఫిట్ నోట్ ఎందుకు పంపలేదు?" అన్నాడు. అదేదో జిమ్ వాళ్లిచ్చే కాగితం అనుకున్నాను. ఆ ఏడాది చెల్లి పెళ్లికి నాకు మిగిలినవి నాలుగు రోజుల సెలవులు.

కాబట్టి ఇది ఒక్కటి బుర్రలో పెట్టుకోండి. స్టాట్యుటరీ, అంటే చట్టప్రకారం కంపెనీ ఇవ్వాల్సిన సిక్ పే, మెటర్నిటీ పే, పెటర్నిటీ పే ఇవేవీ పబ్లిక్ ఫండ్స్ కావు. జీతంతో పాటే పేస్లిప్‌లో వస్తాయి, వాటి మీద టాక్స్ కూడా కడతాం. మెటర్నిటీ పేలో 92 శాతం కంపెనీకి ప్రభుత్వం దగ్గర్నుంచి తిరిగొస్తుంది, చిన్న కంపెనీకైతే మొత్తం వచ్చి పైన ఇంకొంచెం వస్తుంది. అడిగితే ఓనర్ జేబుకి చిల్లు పడుతుందని మొహమాటపడే వాళ్ల కోసం చెబుతున్నాను. పబ్లిక్ ఫండ్స్ అంటే యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్, చైల్డ్ బెనిఫిట్ లాంటివి. బిడ్డ పుట్టగానే చైల్డ్ బెనిఫిట్‌కి అప్లై చేయండని అందరూ చెబుతారు. ఇద్దరూ వీసా మీదే ఉంటే దాని జోలికి పోకండి. భయపడాల్సింది అక్కడ.

సిక్ పే సంగతి చిన్నదే. ఏడు రోజుల వరకు మీ మాట చాలు, ఆపైన జీపీ, అంటే మన ఫ్యామిలీ డాక్టర్ దగ్గర, పనికి రాగలరో లేదో రాసిచ్చే ఫిట్ నోట్ తీసుకోవాలి. 2025-26లో వారానికి 118.75 పౌండ్లు, గరిష్ఠంగా 28 వారాలు. మొదటి మూడు రోజులకు పైసా రాని పాత పద్ధతి 2026 ఏప్రిల్ 6తో పోయింది.

మెటర్నిటీ పే దగ్గరే మనవాళ్లు ఎక్కువ పోగొట్టుకుంటారు. మొత్తం 39 వారాలు వస్తుంది. మొదటి ఆరు వారాలు సగటు జీతంలో 90 శాతం, అంటే వారానికి 600 పౌండ్లు వచ్చేవాళ్లకి 540. తర్వాతి 33 వారాలకు 2025-26 రేటు ప్రకారం వారానికి 187.18 పౌండ్లు, లేదా ఆ 90 శాతం, ఏది తక్కువైతే అది. ఆ సగటు ఎప్పటిదనుకున్నారు? డెలివరీ తేదీకి 15 వారాల ముందు వరకు వచ్చిన సుమారు ఎనిమిది వారాల జీతం. అంటే అయిదు, ఆరు నెలలు. సరిగ్గా అప్పుడే మనం సీమంతమని జీతం లేని సెలవు పెట్టి ఇండియా ఫ్లైట్ ఎక్కుతాం! సగటు పడిపోతుంది, మరీ తగ్గితే అర్హతే ఉండదు. వెళ్లొద్దనడం లేదు, జీతం వచ్చే సెలవు మీద వెళ్లండి. ఓవర్‌టైమ్ చేసే ఓపిక ఉంటే ఆ వారాల్లోనే చేయండి.

ఆ 15 వారాల ముందు నాటికి అదే కంపెనీలో 26 వారాలు పూర్తయి ఉండాలి. కడుపుతో ఉండగా ఆ లోపే ఉద్యోగం మారితే ఇది దొరకదు. అప్పుడు మెటర్నిటీ పే ఎందుకు రాదో చెప్పే ఎస్ఎంపీ1 ఫారం కంపెనీ ఇవ్వాలి, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. దానితో, కంపెనీ బదులు ప్రభుత్వం ఇచ్చే మెటర్నిటీ అలవెన్స్‌కి అప్లై చేయొచ్చు. అదీ పబ్లిక్ ఫండ్స్ కాదు, మళ్లీ ఫోన్ చేసి అడగకండి. 20 వారాలు దాటాక మిడ్‌వైఫ్ డెలివరీ తేదీ రాసిచ్చే మ్యాట్ బీ వన్ సర్టిఫికెట్ హెచ్ఆర్‌కి ఇచ్చి, సెలవు ఎప్పటి నుంచో ఈమెయిల్‌లో రాయండి. నోటిమాట లెక్కలోకి రాదనుకోండి.

నాన్నలకు రెండు వారాలు. అత్తగారు వచ్చారు కదా అని వదిలేసుకోకండి.

ఇంకో సంగతి. ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి కోసం ఏ 12 నెలల్లోనూ 180 రోజులకు మించి దేశం బయట ఉండకూడదు, మెటర్నిటీ లీవైనా సరే. మా ఆవిడ పాపతో విజయవాడలో ఉన్నప్పుడు నేను రోజూ క్యాలెండర్ గీసుకుంటూ కూర్చున్నాను. 171వ రోజున తిరిగొచ్చింది.

సెలవులో జీతం తగ్గితే కంపెనీ ఇచ్చే వీసా స్పాన్సర్‌షిప్ పోతుందన్న టెన్షన్ కూడా వద్దు. మెటర్నిటీ, సిక్ లీవులకు రూల్స్‌లోనే మినహాయింపు ఉంది. మా ఆవిడ 39 వారాల పే పూర్తిగా తీసుకుంది, తర్వాత మా ఇద్దరికీ ఐఎల్ఆర్ వచ్చింది. దాని గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఖమ్మం కుర్రాడి భార్య మ్యాట్ బీ వన్ ఇచ్చేసిందట. వాడు మాత్రం ఇప్పటికీ రూమ్మేట్‌ని ఒకసారి కనుక్కుంటానంటున్నాడు.